నీటి కింది కాళ్లు



ఆదివారం పూజ ముగిశాక గుడి ముంగిట నిలబడి ఒకరినొకరు పలకరించుకోవడం మనందరికీ అలవాటు. "బాగున్నారా?" అని ఒకరు అడుగుతారు. "బాగున్నామండీ" అని మరొకరు జవాబిస్తారు. ఆ జవాబిచ్చిన మనిషి ఇంట్లో పిల్లవాడు జ్వరంతో పడుకొని ఉండవచ్చు. అప్పిచ్చినవాడు అరుగు మీద కూర్చొని ఉండవచ్చు. అయినా నోరు "బాగున్నాం" అనే అంటుంది. ఇది అబద్ధమా, మర్యాదా? ఈ వారం మీ ముందు ఉంచదలచిన ప్రశ్న ఇదే. చూడడానికి చిన్న ప్రశ్న. కాని ఒక్కోసారి అది ఒక బిడ్డ బతుకును తాకేటంత పెద్దదవుతుంది. ఈ ప్రశ్నను లోతుగా తరచి చూడడానికి, ఎక్కడో అమెరికాలోని ఒక గొప్ప ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చదువుకునే పిల్లలు తమ జీవితం గురించి తామే చెప్పుకునే మాటలు నాకు ఉపకరించాయి. ముందు ఆ సంగతి చెబుతాను.

కాలిఫోర్నియా రాష్ట్రంలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఉంది. అది ఒక తల్లీతండ్రీ దుఃఖంలో నుంచి పుట్టిన విద్యాసంస్థ. లీలండ్ స్టాన్‌ఫర్డ్, జేన్ స్టాన్‌ఫర్డ్ దంపతులకు ఒక్కగానొక్క కొడుకు. ఆ బాలుడు 1884లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో టైఫాయిడ్ జ్వరంతో చనిపోయాడు. అప్పటికి వాడికి పదిహేనేళ్లు. పోయిన బిడ్డ జ్ఞాపకార్థం ఆ దంపతులు 1885లో విశ్వవిద్యాలయాన్ని స్థాపించారు. 1891లో పాఠాలు మొదలయ్యాయి. 1920 వరకు అక్కడ ట్యూషన్ ఫీజు అన్నదే లేదు. భర్త మరణించాక జేన్ ఆయన పేరిట ప్రాంగణం నడిబొడ్డున ఒక దేవాలయం కట్టించారు. 1903లో దాని ప్రతిష్ఠ జరిగింది. చనిపోయిన ఆ బాలుని పేరు నేటికీ విశ్వవిద్యాలయపు అధికారిక నామంలో నిలిచి ఉంది.

ఇవాళ ఆ చోటికి చేరాలని నూరుమంది దరఖాస్తు పెట్టుకుంటే నలుగురికైనా సీటు దొరకదు. దొరికిన పిల్లలు ఆ జీవితాన్ని మెచ్చుకుంటారు. అది దాచవలసిన పని లేదు. సైకిళ్ల మీద తిరిగే విశాలమైన ప్రాంగణం గురించి చెబుతారు. మొదటి ఏడాది పిల్లలు సైతం పేరుపొందిన ఆచార్యుని ఎదుట పదిహేనుమందిలో ఒకరుగా కూర్చొని ప్రశ్నలడిగే అవకాశం గురించి చెబుతారు. రెండో సంవత్సరం ముగిసేదాకా ఏ శాస్త్రంలో పట్టా తీసుకోవాలో తేల్చుకోనక్కరలేని స్వేచ్ఛ గురించి చెబుతారు. పదో తరగతి కాగానే "ఎంపీసీనా, బైపీసీనా" అని నిలదీసే మన ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఈ చివరి మాట వింతగానే ఉంటుంది.

అయితే ఈ మెప్పుల పక్కనే వాళ్లు మరొక మాట కూడా చెప్పుకుంటారు. ఆ మాట ఏ వైద్యుడూ కనిపెట్టి ఇచ్చింది కాదు. విద్యార్థుల నోళ్లలోనే నలుగుతూ వచ్చింది. దానిని "డక్ సిండ్రోమ్" అంటారు. మన భాషలో బాతు జబ్బు అనుకోండి. కొల్లేటి ప్రాంతం వారికీ, కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలను తోలుకొచ్చే వారిని చూసిన వారికీ దీన్ని వివరించనక్కరలేదు. కాలువలో బాతు ఈదుతుంటే చూడండి. నీటి మీద దాని ఒళ్లు కదిలినట్టే ఉండదు. ఎవరో దారం కట్టి లాగుతున్నంత తేలికగా సాగిపోతుంది. నీటి కింద మాత్రం రెండు కాళ్లు క్షణం ఆగకుండా కొట్టుకుంటూ ఉంటాయి. "మా చదువు ఇలాగే ఉంది. పైకి నవ్వు, కింద పరుగు" అని ఆ విద్యార్థుల భావం.

ఇది ఆ ఒక్కచోటి మాట మాత్రమే కాదు. నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్యూక్ విశ్వవిద్యాలయం ఉంది. అదీ ప్రైవేటు సంస్థే, అదీ పేరుగాంచినదే. అక్కడి స్త్రీల స్థితిగతులపై 2003లో ఒక నివేదిక వెలువడింది. తెలివిగా ఉండాలి, అందంగా ఉండాలి, నలుగురిలో మంచి పేరుండాలి, ఇవన్నీ ఏ శ్రమా పడనట్టే కనిపిస్తూ సాధించాలి అన్న ఒత్తిడిలో తాము బతుకుతున్నామని అక్కడి విద్యార్థినులు చెప్పారు. "అప్రయత్న పరిపూర్ణత" అని దానికి పేరు పెట్టారు. ఫిలడెల్ఫియా నగరంలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోనైతే పిల్లలు "పెన్ ఫేస్" అంటారు. లోపల ఎంత బాధ ఉన్నా పైకి తగిలించుకునే నవ్వుముఖమన్న మాట. విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై నియమించిన సంఘం 2015లో ఇచ్చిన నివేదికలో ఈ మాట కూడా చేరింది.

పాఠకులారా, ఒక్క విషయం గమనించండి. మూడు చోట్లా ఈ ముసుగు ఉన్న సంగతి అందరికీ తెలుసు. దానికి పేరు కూడా ఉంది. అయినా దాన్ని తీసేవారు అరుదు. ఎందుకని? నాకు తోచిన కారణం ఇది. పక్కవాడికీ ముసుగు ఉందని బుద్ధికి తెలుసు, మనసు నమ్మదు. పక్కవాడి ఒళ్లు కనిపిస్తుంది, కాళ్లు కనిపించవు. తన కాళ్లు మాత్రమే తనకు తెలుసు. కాబట్టి ప్రతివాడూ తానొక్కడే బాతుల మధ్య పొరపాటున నీళ్లలో పడ్డ కోడినని అనుకుంటాడు. పైగా అక్కడ చేరిన ప్రతి బిడ్డా తన బడిలో మొదటివాడుగా నిలిచి వచ్చినవాడే. అందరూ మొదటివారే అయిన చోట కూడా సగం మంది కింది సగంలో ఉండక తప్పదు. ఇది లెక్కే గాని అవమానం కాదు. కాని పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఈ లెక్క చెప్పేవారెవరు?

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. బాగాలేనివాడు "బాగున్నాను" అంటే అది పాపమా?

పెద్ద గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసువారి బోధలో ఒక వివేచన మమ్మల్ని బాగా ఆలోచింపజేసేది. ఉన్న నిజమంతా అందరి ముందూ విప్పి చెప్పి తీరాలని ఆయన అనరు. కొన్ని సంగతులు దాచుకోవడం వివేకమే. కాని మాటతో గాని, చేతతో గాని లేనిదాన్ని ఉన్నట్టు చూపడం వేరు. మౌనం ఒకటి, నటన మరొకటి. గుడి ముంగిట "బాగున్నామండీ" అనేది చాలాసార్లు మౌనానికే మరో పేరు. మన బాధ విప్పడానికి అది సమయం కాదు, అంతే. బాతు జబ్బు మాత్రం నటన. రాత్రి రెండు గంటల దాకా చదివి, పొద్దున "నేనసలు పుస్తకమే తెరవలేదు" అనడం మౌనం కాదు.

అక్వినాసువారు మరొక లోతైన మాట కూడా చెప్పారు. సత్యం చెప్పడం అనే సుగుణాన్ని ఆయన న్యాయం అనే సుగుణం సరసన చేర్చారు. మనుషులు కలిసి బతకాలంటే ఒకరి మాటను ఒకరు నమ్మగలగాలి. కనుక నిజం చెప్పడం అన్నది మనం తోటివాడికి చెల్లించవలసిన బాకీ వంటిది. ఈ కోణం నుంచి చూడండి. నేను నటిస్తే నాకే నష్టమని అనుకుంటాం. కాని పక్కగదిలో మునిగిపోతున్నవాడు నా నవ్వుముఖం చూసి "వీడు ఎంత సుఖంగా ఉన్నాడు! చేతకానివాడిని నేనొక్కడినే" అనుకుంటాడు. నా "బాగున్నాను" అతణ్ణి మరో జానెడు లోపలికి తోస్తుంది. ఆ నిజం అతనికి నేను బాకీ పడ్డాను. ఎగవేశాను.

పునీత జాన్ హెన్రీ న్యూమన్‌వారిని 2019లో శ్రీసభ పునీతుల జాబితాలో చేర్చింది. 2025లో శ్రీసభ పండితునిగా ప్రకటించింది. 1852లో డబ్లిన్ నగరంలో విశ్వవిద్యాలయం అంటే ఏమిటో వివరిస్తూ ఆయన ప్రసంగాలు చేశారు. పరీక్షలు పెట్టి పట్టాలిచ్చి పంపే విద్యాలయం కన్నా, అసలు బోధనే లేకపోయినా యువకులను మూడు నాలుగేళ్లు ఒకచోట కలిసి బతకనిచ్చే విద్యాలయమే మేలని ఆయన అభిప్రాయం. యువకులు కలిసి బతికితే ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారని ఆయన నమ్మకం. మరి ఆ యువకులందరూ ముసుగులు వేసుకొని తిరిగితే? పాఠాలు జరుగుతాయి, పట్టాలు వస్తాయి. కాని న్యూమన్‌వారు అన్నిటికన్నా గొప్పదని తలచిన ఆ పాఠం మాత్రం జరగదు. ఎంత డబ్బు పోసినా అది పుస్తకాల్లో దొరకదు.

"ఫాదరుగారూ, అమెరికా పిల్లల సంగతి మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. ఎందుకో చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

కొన్నేళ్ల క్రితం మా విచారణలోని ఒక అమ్మాయికి అమెరికాలో పేరుమోసిన ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. సీటు వచ్చింది. తండ్రి బియ్యం మిల్లులో గుమాస్తా. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చారు. ఆ ఆదివారం పూజ చివర నేను ఆ అమ్మాయిని బలిపీఠం ముందుకు పిలిచాను. "ఈ బిడ్డను చూసి నేర్చుకోండి" అన్నాను. అందరి చేత చప్పట్లు కొట్టించాను. తల్లి కళ్లు తుడుచుకుంది. నాకూ గర్వంగానే ఉంది. తరువాత ప్రతి ఆదివారం "అమ్మాయి ఎలా ఉందండీ?" అని నేను అడగడం, "బాగుంది ఫాదరుగారూ" అని వాళ్లు చెప్పడం. క్రిస్మసుకు మంచులో నవ్వుతూ నిలబడ్డ ఫోటో వచ్చింది. దాన్ని ఊరంతా చూసింది.

మరుసటి ఏడాది ఆమె సెలవులకు ఇంటికి వచ్చింది. ఒక సాయంత్రం నన్ను చూడ వచ్చి వరండాలో కూర్చుంది. అప్పుడు చెప్పింది. మొదటి సెమిస్టరులోనే ఒక సబ్జెక్టు తప్పింది. నెలల తరబడి సరిగ్గా నిద్ర లేదు. ఎవరితోనూ కలవబుద్ధి అయ్యేది కాదు. ఇంటికి ఫోను చేసే ముందు ముఖం కడుక్కొని, తల దువ్వుకొని, నవ్వు తెచ్చుకొని చేసేదట. "ఎవరికైనా ఒక్క మాట చెప్పకపోయావా తల్లీ?" అన్నాను. "ఎవరికి చెప్పను ఫాదర్? మీరు అందరి చేతా చప్పట్లు కొట్టించారు కదా" అంది.

ఆమె నన్ను నిందించలేదు. ఉన్నమాట చెప్పింది. నాకు జవాబు దొరకలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆమె పక్కగదిలో మరో దేశపు అమ్మాయి ఉండేదట. ఏడాది మధ్యలోనే చదువు మానేసి వెళ్లిపోయింది. పెట్టె సర్దుకుంటూ "నిన్ను చూసి రోజూ సిగ్గుపడేదాన్ని. నువ్వెంత హాయిగా చదువుకుంటున్నావో అనుకునేదాన్ని" అని చెప్పి వెళ్లిందట. "నేనూ అంతేనని ఆ ఒక్కరోజు ముందు చెప్పి ఉంటే ఉండిపోయేదేమో ఫాదర్" అని మా అమ్మాయి కన్నీళ్లు పెట్టుకుంది. అక్వినాసువారు చెప్పిన బాకీ ఏమిటో గురువిద్యాలయంలో కన్నా ఆ సాయంత్రం నాకు బాగా అర్థమైంది.

ఆ అమ్మాయి తప్పిన సబ్జెక్టు మళ్లీ చదివింది. పట్టా ఒక సెమిస్టరు ఆలస్యంగా వచ్చింది. ఈ కథ రాస్తానంటే "రాయండి, ఇంకెవరికైనా పనికొస్తుంది" అని ఒప్పుకుంది. ఆమె ధైర్యానికి నేను రుణపడి ఉన్నాను.

కనుక అక్వినాసువారి మాటకు నా అనుభవం నుంచి ఒక్కటి జోడిస్తాను. నిజం చెప్పడం ఒకరి బాకీ అయితే, చెప్పనివ్వడం మరొకరి బాకీ. పిల్లల నటనలో సగం పాపం పిల్లలది కాదు. ఇంటర్ ఫలితాల రోజున ర్యాంకుల ఫోటోలు పత్రికల నిండా అచ్చు వేసేవారిది, వాటిని చూసి "చూడు, పక్కింటివాడు!" అనే మనది. బలిపీఠం ముందు చప్పట్లు కొట్టించిన నాది.

"పిల్లల విజయానికి సంతోషించడం తప్పా?" అంటారేమో. తప్పు కాదు. కాని పునీత పౌలుగారు రోమీయులకు రాసిన లేఖలో సంతోషించేవారితో సంతోషించమనీ, దుఃఖించేవారితో దుఃఖించమనీ ఒకే ఊపిరిలో కోరారు. మనం మొదటిదాన్ని పండుగగా చేస్తున్నాం, రెండోదానికి తలుపు మూసేస్తున్నాం. తలుపు మూసి ఉందని తెలిసిన బిడ్డ తట్టడు.

"కష్టం చెప్పుకుంటే పిల్లలు బలహీనులైపోతారు. ఓర్చుకోవాలి" అనేవారూ ఉన్నారు. ఓర్చుకోవడం వేరు, దాచుకోవడం వేరు. బాతు కాళ్లు కొట్టుకోవడంలో తప్పేమీ లేదు, అది కష్టం. కష్టం గౌరవమే. తప్పు ఆ కష్టాన్ని సిగ్గుపడవలసినదిగా చేయడంలో ఉంది. మన తాతలు దమ్ము చేసి వచ్చి మోకాళ్ల దాకా బురదతో ఊరి మధ్య నుంచి నడిచి వెళ్లేవారు. ఆ బురదను ఎవరూ దాచలేదు. శ్రమ చెమటతో బతికిన కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు, శ్రమే పడనట్టు కనిపించాలని తపించడం ఎంత విచిత్రం!

మరి మార్గం ఏమిటి? ఆ విశ్వవిద్యాలయాలే ఒక దారి చూపాయి. స్టాన్‌ఫర్డ్‌లో ఆచార్యులు, పూర్వ విద్యార్థులు తమ పరాజయాల కథలు తామే చెప్పే కార్యక్రమం ఒకటి మొదలుపెట్టారు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ హౌస్‌హోఫర్ అనే ఆచార్యుడు 2016లో తన ఓటముల జాబితాను బయటపెట్టాడు. సీటు ఇవ్వని విద్యాలయాలు, దక్కని ఉద్యోగాలు, తిరిగొచ్చిన వ్యాసాలు అన్నీ అందులో రాశాడు. తన ప్రయత్నాల్లో చాలావరకు విఫలమవుతాయనీ, ఎదుటివారికి మాత్రం ఫలించినవే కనిపిస్తాయనీ అందుకే ఇది రాశాననీ చెప్పాడు. ఈ జాబితాకు వచ్చినంత పేరు తన పరిశోధనలకు రాలేదని దానినీ ఒక ఓటమిగా చివర చేర్చాడు!

ఇది నాకు కొత్త కాదు. తత్త్వశాస్త్రం మొదటి ఏడాది పాఠాలన్నీ ఇంగ్లీషులో. నేను తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ణి. నెలల తరబడి ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి. ఒక ముసలి గురువుగారు ఇది కనిపెట్టి నన్ను పిలిచారు. మందలిస్తారనుకున్నాను. "నేను కూడా లాటిను తరగతిలో ఇలాగే నవ్వేవాణ్ణిరా" అన్నారు. అంతే. ఆ రోజు నేను మొదటిసారి "నాకు రావడం లేదు" అనగలిగాను. ఆయన నా కాళ్లు చూపించమని అడగలేదు. ముందు తన కాళ్లు చూపించారు.

అందుకే తల్లిదండ్రులారా, మీకు నా మనవి. దూరాన చదువుతున్న మీ అబ్బాయో అమ్మాయో ఈ రాత్రి ఫోను చేసి "బాగున్నాను" అంటే అక్కడితో పెట్టేయకండి. నిలదీయకండి కూడా. మీరు తప్పిన పరీక్ష గురించి, మీకు రాని ఉద్యోగం గురించి, అప్పట్లో మీరు ఇంట్లో చెప్పలేకపోయిన ఒక సంగతి గురించి చెప్పండి. "నువ్వు తిరిగొచ్చినా ఇది నీ ఇల్లే" అన్న మాట ఒక్కసారైనా నోటితో చెప్పండి. అది వాళ్లకు తెలుసులే అనుకోకండి. తెలియదు.

యువతీ యువకులారా, మీ బాధ అందరికీ చాటమని నేను అనడం లేదు. అందరి ముందూ మౌనంగా ఉండే హక్కు మీకుంది. కాని ఒక్కరికైనా నిజం చెప్పండి. అది మీ పక్కగదివారైతే ఇంకా మంచిది. మీరు చెప్పబోయేది వారు ఎదురుచూస్తున్న మాటే కావచ్చు.

ఇక నా సంగతి. చప్పట్లు కొట్టించడం నేను మానలేదు. కాని ఇప్పుడు పై చదువుకు వెళ్లే బిడ్డను ముందుకు పిలిచినప్పుడు, ఆ లాటిను తరగతి ముసలి గురువుగారి కథ చెబుతాను. నా కథ కూడా చెబుతాను. మొదటిసారి చెప్పినప్పుడు గుడిలో ఎవరూ నవ్వలేదు. పూజ అయ్యాక ముగ్గురు పిల్లలు మాట్లాడాలని వచ్చి వరండాలో కూర్చున్నారు.